పాత బొమ్మ రైలింజను కదలడం లేదా? ముందు బల్బు పెట్టి చూడండి

ఇంజను పైడబ్బా తీయగానే గుప్పుమని కొబ్బరినూనె వాసన కొట్టింది. పక్క అపార్టుమెంటులో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు అటక మీది నుంచి దించిన అట్టపెట్టెలోది ఆ ఇంజను. నాలుగు ఇంజన్లు, రైలు దారి మళ్లించే పాయింట్లు పదకొండు, సంచీ నిండా పట్టాలు, అన్నీ కలిపి మూడున్నర వేలకు ఇచ్చేశారు. "ఏదీ నడవదు అంకుల్, షోకేసులో పెట్టుకోండి" అన్నాడు ఆ ఇంటి అబ్బాయి. నెల తిరక్కుండా రెండు నడిచాయి, మూడోది ఇంకో నెలన్నరకు నడిచింది. నాలుగోది నా బల్ల మీద ఎప్పటికీ నడవదు. దాని తప్పు కాదు, అదెందుకో చెబుతాను.

నేను ముప్పై ఏళ్లు చిక్కడపల్లిలో టేపు రికార్డర్లు బాగుచేసి బతికినవాణ్ణి. క్యాసెట్లు పోయాక దుకాణం మూశాను గానీ చేతులు ఊరుకోలేదు. పద్మారావు నగర్‌లో మా మేడ మీది గదిలో ఎనిమిదడుగుల ప్లైవుడ్ బల్ల వేసి రైళ్లు నడుపుతున్నాను. బొమ్మ రైలింజను లోపల చూస్తే నాకు కొత్తేమీ కనిపించలేదు. చిన్న మోటారు, దానికి కరెంటు అందించే రెండు కార్బను బ్రష్షులు, నాలుగు పళ్లచక్రాలు, ఎవరో వేయకూడని చోట వేసిన నూనె. దుకాణానికి ‘మోటారు పోయింది’ అంటూ వచ్చిన టేపుల్లో చాలావాటికి మోటారు బాగానే ఉండేది, కరెంటే దాని దాకా వెళ్లేది కాదు. ఇంజన్లదీ అదే కథ. అందుకని స్క్రూ డ్రైవరు పక్కన పెట్టండి. కరెంటు ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోతోందో ముందు పట్టుకోవాలి.

మన ఊళ్లో చేతులు మారే పాత సరుకు ఎక్కువగా రెండు రకాలు. అమెరికా నుంచి వచ్చే హెచ్‌ఓ, అంటే అసలు రైలులో 87వ వంతు. ఇంగ్లండు నుంచి వచ్చే డబుల్ ఓ, అంటే 76వ వంతు. కొలతలు వేరైనా రెండూ పరిగెత్తేది 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే, 12 వోల్టుల డీసీ కరెంటుతోనే. కాబట్టి ఒకే బల్ల మీద రెండూ తిరుగుతాయి. 16.5ను 87తో గుణిస్తే దాదాపు 1,435 వస్తుంది. అది మన హైదరాబాద్ మెట్రో గేజి. మన పెద్ద రైళ్ల బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. ఈ లెక్క ప్రకారం నా బల్ల మీద తిరిగే భారతీయ రైలింజను ఏదైనా కాళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తున్నట్టే. సిగ్నల్ శాఖలో పనిచేసి రిటైరైన మా బావగారు వచ్చినప్పుడల్లా ఈ విషయం ఒకసారి గుర్తుచేసి గానీ కాఫీ తాగరు.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ల ఇళ్లలో దొరికే రైలు సెట్టుతోపాటు ఒక కరెంటు పెట్టె కూడా వస్తుంది. వేగం పెంచే తిప్పుడు మీట ఉంటుంది దానికి. దాని కింద 120 వోల్టులు అని రాసి ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టవద్దు. ప్లగ్గు మార్చే చిన్న అడాప్టరు కాళ్ల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టులను మార్చదు. ఈ తేడా ముప్పై ఏళ్లు టంకం పెట్టిన నాకు తెలియదా? తెలుసు. తెలిసీ ఒక ఆదివారం పొద్దున తొందరలో పెట్టాను. గదిలో పొగ సాయంత్రం దాకా పోలేదు.

ఆ పెట్టె లేకపోయినా నష్టం లేదు. 12 వోల్టులు, 2 ఆంపియర్లు ఇచ్చే మామూలు అడాప్టరు, స్కూటరు ఇండికేటరులో వేసే 12 వోల్టుల 10 వాట్ల బల్బు, రెండడుగుల పట్టా ముక్క చాలు. అడాప్టరు నుంచి ఒక తీగ నేరుగా ఒక పట్టాకు, రెండో తీగ బల్బు గుండా రెండో పట్టాకు. అంటే ఇంజను తాగే కరెంటు ప్రతి చుక్కా బల్బు దాటే రావాలి. ఎక్కడ షార్టయినా బల్బు వెలిగి ఊరుకుంటుంది. ఒక ఆంపియరు కన్నా తక్కువే ప్రవహిస్తుంది కాబట్టి ఏదీ కాలదు. బల్బుకు నలభై రూపాయలు పెట్టాను. నా మల్టీమీటరు కన్నా ఇదే ఎక్కువ నిజాలు చెప్పింది.

ఇప్పుడు ఇంజనును ఆ పట్టా మీద పెట్టి ఇంజనును కాకుండా బల్బును చూడండి. బల్బు వెలగలేదు, ఇంజను కదల్లేదు అంటే దారి ఎక్కడో తెగింది. మురికి చక్రాలు, ఊడిన తీగ, అరిగిన బ్రష్షు, ఈ వరసలో అనుమానించండి. బల్బు భగ్గున వెలిగింది, ఇంజను కదల్లేదు అంటే ఎక్కడో షార్టు, లేదా మోటారు బిగుసుకుపోయి ఉంది. సన్నగా ఎర్రగా వెలుగుతూ ఇంజను నడుస్తోందా, ఆరోగ్యంగా ఉన్నట్టే. ఇక నాలుగో రకం ఉంది. ఇంజను నడుస్తూనే ఉంటుంది, బల్బు మాత్రం చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి ప్రకాశించి తగ్గుతుంది. ప్రతి చుట్టులో ఒకే చోట ఏదో పట్టేస్తోందని దాని అర్థం. వంగిన కడ్డీ కావచ్చు, పగిలిన పళ్లచక్రం కావచ్చు. ఈ చివరి సంకేతాన్ని నేను ఒకసారి నిర్లక్ష్యం చేశాను. రెండు రోజులు పోయాయి.

పెట్టెలోని నాలుగో ఇంజను పెట్టగానే బల్బు భగ్గుమంది. చక్రాలు చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతున్నాయి. వెల్లకిలా తిప్పి చూస్తే పొట్ట కింద పొడవాటి రేకు, మంచు మీద జారే బద్ద లాంటిది. జర్మనీ మార్క్‌లిన్ పద్ధతి ఇంజను అది. ఆ పద్ధతిలో పట్టాల మధ్య, వాటిని మోసే అడ్డదిమ్మెల (స్లీపర్ల) మీద వరసగా చిన్న లోహపు మొటిమలుంటాయి. కరెంటు వాటినుంచి ఆ రేకు గుండా పైకి వెళ్లి, రెండు వైపుల చక్రాల గుండా పట్టాలకు దిగుతుంది. రెండు చక్రాలూ ఒకే ధ్రువం కాబట్టి మధ్యలో అడ్డు ఉండదు. మన రెండు పట్టాల డీసీ బల్ల మీద పెడితే రెండు పట్టాలనూ ఇనుప కడ్డీతో కలిపినట్టే. దానికి జబ్బేమీ లేదు, తప్పు ఇంటికి వచ్చిందంతే. పాత ఇంజను ఏది చేతికొచ్చినా ముందు పొట్ట చూడండి. అలాగే పోత లోహపు చట్రం ఉబ్బి, సన్నటి పగుళ్లు తేలి, గోరు ఆనిస్తే పొడి రాలుతోందేమో కూడా చూడండి. కల్తీ జింకు పోతకు వచ్చే రోగం అది, మందు లేదు. దాన్నుంచి చక్రాలు, మోటారు తీసుకుని తక్కినది వదిలేయడమే.

కొబ్బరినూనె ఇంజను ఇంగ్లండుదే, ఆరు చక్రాల ఆవిరి ఇంజను. జనవరిలో తెచ్చాను. మొదటి రోజు మధ్యాహ్నం పరీక్షిస్తే ముక్కుతూ మూలుగుతూ రెండడుగులు నడిచింది. మర్నాడు పొద్దున బల్బు నిండుగా వెలిగింది గానీ ఇంజను మూలిగిందే తప్ప కదల్లేదు. సాయంత్రం మళ్లీ నడిచింది. షార్టు అయితే వేళలు పాటించదు కాబట్టి పట్టేసేది ఏదో లోపల ఉందని అప్పుడు విప్పాను. వాసన సంగతి చెప్పనే చెప్పాను. ఎవరో మహానుభావుడు పళ్లచక్రాలకు తలకు రాసుకునే నూనె దిట్టంగా పట్టించాడు. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీలకు దిగితే గడ్డకడుతుంది. జనవరి తెల్లవారుజామున మా మేడ గది 15 డిగ్రీల దగ్గరుంటుంది. బాత్‌రూములో సీసా గడ్డకట్టినట్టే ఇంజను లోపలా కట్టింది. ఏళ్ల తరబడి దుమ్మూ కార్పెట్ నూలూ దానికి అంటుకుని నల్లటి హల్వాలా తయారైంది.

అది వదిలించడానికి పాత టూత్‌బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడాను. టేపు రికార్డరు హెడ్లు తుడిచే ద్రవం ఇదే, నా దగ్గర సీసాలున్నాయి. మందుల దుకాణంలో అడిగినా దొరుకుతుంది. నీళ్లు ఎక్కువ కలిసినది కాకుండా, 90 శాతానికి పైబడినది తీసుకోండి. పెయింటు మీద పడనివ్వకండి, పాత రంగులు కొన్ని లేచిపోతాయి. కిటికీ తెరవండి, దగ్గరలో టంకం కడ్డీ వేడిగా ఉండకూడదు.

అక్కడినుంచి మోటారు. బ్రష్షులు తాకే రాగి గుండు ఉంటుంది, కమ్యుటేటరు అంటాం. నల్లగా ఉంటే ఆల్కహాలులో ముంచిన దూది పుల్లతో తుడిస్తే రాగి రంగు తేలుతుంది. అది మెరిసిందని సంతోషించి అక్కడే ఆపేస్తారు చాలామంది. అసలు దొంగ ఆ రాగి ముక్కల మధ్య గీతల్లో ఉంటాడు. బ్రష్షు కార్బను పొడి, నూనె కలిసి ఆ సందుల్లో నిండితే ఒక ముక్కనుంచి ఇంకో ముక్కకు కరెంటు అడ్డదారిన పోతుంది. మోటారు వేడెక్కుతుంది, బలం ఉండదు. చీపురుపుల్ల చివర బ్లేడుతో చెక్కి, మూడు సందులూ ఒక్కొక్కటిగా గీకండి. సూది వాడవద్దు, రాగి గీసుకుపోతుంది. నాకు ఆ రోజు మూడు సందుల్లోంచి వచ్చిన పొడి ఆవగింజంత. అది తీయగానే, నూనె వేయకముందే, మోటారు గొంతు మారిపోయింది. బల్బు ఎరుపు సగానికి తగ్గింది.

తీగచుట్ట కాలిందా లేదా అన్నది మల్టీమీటరు చెబుతుంది. మూడు రాగి ముక్కలున్న మోటారులో ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-ఒకటి మధ్య ఓములు కొలవండి. మూడూ ఇంచుమించు సమానంగా ఉండాలి. అంకె ఎంత అన్నది కాదు, సమానంగా ఉందా అన్నదే చూడాలి. ఒక జత బాగా తేడాగా ఉంటే చుట్ట పోయింది. ఏ ముక్కనుంచైనా మధ్య ఇరుసుకు కరెంటు వెళ్తే లోపల తీగచుట్ట ఇనుమును తాకుతోంది. ఇంకో మాట, రెండు ఇనుప రేకుల మధ్య విడి అయస్కాంతపు దిమ్మ ఉన్న పాత మోటార్లలో ఆ దిమ్మను బయటికి లాగకండి. లాగితే బలం తగ్గిపోతుంది. తప్పనిసరైతే దాని రెండు కొనలనూ ఇనుప ముక్కతో కలిపి ఉంచాలి.

తిరిగి బిగించేటప్పుడు నూనె ఒక్క చుక్క. సీసా మూతితో కాదు, సూది మొనతో. ఇరుసు తిరిగే లోహపు రంధ్రాలకు పల్చటి కుట్టుమిషను నూనె నాకు బాగానే పనిచేసింది. ప్లాస్టిక్ పళ్లచక్రాలకు మాత్రం ప్లాస్టిక్‌ను తినని తెల్ల గ్రీజు అడిగి తెచ్చుకోండి. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా మా ఇంట్లోనూ ఉంది, గేటు కీలుకే వాడతాం, ఇంజనుకు కాదు.

రెండోది ఇటలీ డీజిలు ఇంజను. బల్బు వెలిగి ఆరి వెలిగి ఆరి, ఇంజను తడబడుతూ నడిచేది. ఈ రకం పాత ఇంజన్ల కింద ముందొకటి, వెనకొకటి చక్రాల చట్రాలుంటాయి, వాటినే బోగీలంటారు. ఒక బోగీ చక్రాలు ఒక పట్టానుంచి, రెండో బోగీ చక్రాలు రెండో పట్టానుంచి కరెంటు తీసుకుంటాయి. మధ్యలో కలిపేది ఒక్క తీగ. పైగా మోటారు బోగీలో కొన్ని చక్రాలకు జారకుండా రబ్బరు తొడుగులుంటాయి, ఆ చక్రాలు కరెంటు తీసుకోవు. లెక్కవేస్తే ఒక వైపు రెండే చక్రాల మీద బతుకు. వాటికి మసి పట్టిందంటే బండి ఆగినట్టే. రెండు తీగలను నేరుగా ఆ రెండు వైపుల చక్రాలకు ఆనించి చూడండి, తర్వాత నేరుగా మోటారు కాళ్లకు. ఎక్కడ ఆనిస్తే మోటారు పలుకుతుందో దానికి వెనక మెట్టులో లోపం ఉన్నట్టు.

దాని రబ్బరు తొడుగులు ఎండి బీటలు వారాయి. క్యాసెట్ బెల్టులు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, ఒకటి కత్తిరించి అతికిస్తే సరి అనుకున్నాను. అతికించాను. బెల్టు మందం వల్ల ఆ చక్రం పక్కదానికన్నా పెద్దదై, కుంటుతూ ఊగుతూ ఊరేగింపు ఏనుగులా నడిచింది. నా తెలివి మీద నాకే జాలివేసింది. సరైన కొలత తొడుగులు కొనుక్కోండి, ఇంకో దారి లేదు. బల్బు నిండుగా వెలుగుతూ మోటారు చేత్తో తేలిగ్గా తిరుగుతోందంటే, మోటారు రెండు కాళ్ల మధ్య టంకం పెట్టి ఉండే చిన్న బిళ్ల కెపాసిటరును కూడా చూడండి. రేడియోలో గరగర రాకుండా పెట్టింది అది. పాతబడి లోపల షార్టయి ఉండవచ్చు. ఒక కాలు కత్తిరించి చూస్తే తేలిపోతుంది.

డిజిటల్ పద్ధతి ఇంజన్ల గురించి నా అనుభవం తక్కువ కాబట్టి ముక్తసరిగా చెబుతాను. లోపల కంట్రోలరు పంపే ఆజ్ఞలు అందుకునే గోరంత డీకోడరు బోర్డు ఉంటే అది మామూలు డీసీకి మొదట్లో పలకకపోవచ్చు, నాలుగైదు వోల్టులు దాటాకే మేలుకుంటుంది. డీసీలో నడిచే వెసులుబాటును పాత యజమాని ఆపేసి ఉంటే అసలే పలకదు. డిజిటల్ కంట్రోలరు ఉంటే ముందు 3వ నంబరుతో పిలవండి, కొత్తగా వచ్చేటప్పుడు చిరునామా అదే. పలకకపోతే 8వ సీవీలో (డీకోడరు తన సెట్టింగులు దాచుకునే గళ్లను సీవీలు అంటారు) 8 రాస్తే చాలా రకాల డీకోడర్లు పుట్టినప్పటి స్థితికి వెళ్లిపోతాయి.

ఇక పాయింట్లు. రైలును ఒక దారినుంచి ఇంకో దారికి మళ్లించే ఈ చిన్న యంత్రం మీదే నా బల్ల మీద సగం తగాదాలు. బావగారికి నా ఇంజన్ల మీద ఏమాత్రం ఆసక్తి లేదు. పాయింట్ల దగ్గర మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంటారు. తార్నాకలోని ఇరిసెట్‌లో, అంటే రైల్వే సిగ్నల్ పని నేర్పే సంస్థలో, శిక్షణ పొంది, ముప్పై ఐదేళ్లు అసలు పాయింట్లు కాపాడిన మనిషి. ఆయన భాషలో పక్కకు జరిగే మొనదేలిన పట్టా టంగ్ రైలు, అది వెళ్లి అతుక్కునేది స్టాక్ రైలు, రెండు టంగులనూ కలిపేది స్ట్రెచర్ బారు, పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు క్రాసింగ్. బొమ్మ రైళ్లవాళ్లు ఆ క్రాసింగును ‘ఫ్రాగ్’ అంటారని చెబితే, "కప్పేమిటోయ్, అక్కడ బండి పడితే చార్జిషీటు" అన్నారు.

మా 7వ నంబరు పాయింటు దగ్గర మూడో ఇంజను, అంటే అమెరికా డీజిలు, వెళ్లిన ప్రతిసారీ పడిపోయేది. రెండు రోజులు నేను ఆ పాయింటును పీకి, తుడిచి, మళ్లీ మేకులు కొట్టాను. మూడో రోజు బావగారు వచ్చారు. రైల్వేలో టంగ్ రైలు కొననుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో 5 మిల్లీమీటర్ల బిళ్ల అడ్డం పెట్టి పరీక్షిస్తారట. అంత సందు ఉన్నప్పుడు పాయింటు లాక్ కాకూడదు. 5ను 87తో భాగిస్తే 0.06 కన్నా కాస్త తక్కువ. ఆయన జేబులోంచి సిటీ బస్సు టికెట్టు తీశారు. నా మైక్రోమీటరులో పెట్టి కొలిచాం, దాదాపు 0.06. "ఇదిగో మీ బిళ్ల" అని సన్నగా చింపి, టంగుకూ స్టాక్ రైలుకూ మధ్య దూర్చి, పాయింటు మూసి, కాగితం లాగారు. రాలేదు, గట్టిగా పట్టుకుంది. రెండో వైపు మార్చి లాగారు. అటూ పట్టుకుంది.

"పాయింటు బాగుంది" అన్నారు.

"బాగుంటే బండి ఎందుకు పడుతోంది, బావగారూ?"

"తక్కిన రెండూ పడుతున్నాయా?"

"లేదు."

"మరి పాయింటునెందుకు తిడుతున్నావు? బండి చక్రాలు కొలిచావా?"

కొలవలేదు. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం ఈ కొలతలో 14.5 మిల్లీమీటర్ల చుట్టూ ఉండాలి. కాలిపర్సు పెట్టాం. మూడు ఇరుసులు 14.5 చూపించాయి, నాలుగోది 15.1. రెండు అర ఇరుసులను కలిపి పట్టుకునే ప్లాస్టిక్ పళ్లచక్రం మీద వెంట్రుక లాంటి పగులు. పట్టు వదిలి చక్రం బయటికి జరిగింది. జరిగిన చక్రం అంచు క్రాసింగ్ ముక్కును గుద్దుకుని పైకెక్కుతోంది. మామూలు పట్టా మీద ఎలాగోలా సర్దుకుపోయేది, క్రాసింగ్ దగ్గర దొరికిపోయింది. చుట్టుకొకసారి బల్బు మినుకుమన్నది కూడా ఆ పగులు వల్లే, పన్నూ పన్నూ సరిగా కలవక. బల్బు మొదటి రోజే చెప్పింది, నేనే వినలేదు. ఆ జాతి ప్లాస్టిక్‌ను ఏ జిగురూ పట్టదు, సూపర్ గ్లూతో రెండు గంటలు వృథా చేశాను. కొత్త పళ్లచక్రం మా అమ్మాయి సూట్‌కేసులో అమెరికానుంచి వచ్చేదాకా ఆ ఇంజను అల్మరాలో ఉంది.

కాబట్టి పట్టా తప్పాక వేసుకోవలసిన మొదటి ప్రశ్న బావగారిదే. అన్ని బండ్లూ ఒకే చోట పడుతుంటే పాయింటును చూడండి. ఒకే బండి అన్ని పాయింట్ల దగ్గరా పడుతుంటే బండిని చూడండి. ఒకే బండి ఒకే చోట పడితే ముందు బండి, ఎందుకంటే చక్రం కొలవడానికి నిమిషం చాలు, పాయింటు పీకడానికి గంట. ఇంగ్లండు పాత చక్రాలకు ఇంకో గొడవ. వాటి అంచులు లోతు. 2.54 మిల్లీమీటర్ల ఎత్తున్న కోడ్ 100 పట్టా మీద బాగానే పోతాయి. 1.9 మిల్లీమీటర్ల కోడ్ 75 పట్టా మీద స్లీపర్ల పైని పట్టీలను టకటకా కొట్టుకుంటూ పోతాయి. ఆ చప్పుడు వినపడితే పాయింటునేమీ అనకండి.

టికెట్టు కాగితం సులువుగా వచ్చేస్తే టంగు సరిగా అతకడం లేదు. చాలాసార్లు దాని మొన దగ్గర ఒక కంకర రేణువో, పాత యజమాని కంకర అతికించిన ఫెవికాల్ బొట్టో ఉంటుంది. ఫెవికాల్ అయితే గోరువెచ్చని నీళ్లు దూది పుల్లతో అద్ది పది నిమిషాలు ఆగితే మెత్తబడుతుంది. స్ట్రెచర్ బారు కింద బిగుతుగా ఉంటే నూనె వేయకండి, దుమ్ము పట్టుకుంటుంది. మెత్తటి పెన్సిలు ముక్కును గీకిన పొడి చాలు. అది కూడా కరెంటు తాకే చోట్లకు దూరంగానే, గ్రాఫైటు గుండా కరెంటు పోతుంది.

పాయింటు దాటగానే ఇంజను ఆగిపోతోందా? చాలా పాయింట్లలో ముందున్న దారికి కరెంటు వెళ్లేది టంగు స్టాక్ రైలును తాకడం వల్లనే. ఆ తాకే చోట మసి చేరితే దారి కనపడుతుంది, కరెంటు ఉండదు. బల్బు తీగలను పాయింటు అవతలి రెండు పట్టాలకు ఆనించి చూడండి. వెలగకపోతే టంగు లోపలి ముఖాన్నీ స్టాక్ రైలు ముఖాన్నీ ఆల్కహాలుతో తుడవండి. ఇది ఆరు నెలలకోసారి చేసే పని. విసుగొస్తే అవతలి పట్టాలకు కింద నుంచి విడిగా తీగ టంకం పెట్టేయండి, నేను చివరికి అదే చేశాను. ఒకటి చూసుకోవాలి, అలా తీగ పెడితే క్రాసింగ్ ఏ రకమో తెలిసి ఉండాలి.

క్రాసింగ్ ముక్కు ప్లాస్టిక్‌దైతే అక్కడ కరెంటు లేదు. పెకో కంపెనీ పాయింట్లలో దీన్ని ఇన్సుల్‌ఫ్రాగ్ అంటారు. ముక్కు కూడా లోహందే అయితే ఎలక్ట్రోఫ్రాగ్. పాయింటు ఏ దారికి ఉంటే ఆ ధ్రువం ముక్కుకు వస్తుంది. ఈ రెండో రకంలో, ముక్కునుంచి బయలుదేరే లోపలి రెండు పట్టాల చివర, పక్క పట్టాతో కలిపే లోహపు ఫిష్‌ప్లేట్లకు బదులు ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు పెట్టి తీరాలి. లేకపోతే పాయింటు ఒక వైపున్నప్పుడు అంతా బాగుండి, రెండో వైపు మార్చగానే బల్ల మొత్తం చచ్చిపోతుంది. పాత పెట్టెలో వచ్చిన పాయింట్లకు ఈ ప్లాస్టిక్ ముక్కలు ఎప్పుడూ పోయే ఉంటాయి.

ప్లాస్టిక్ ముక్కు రకంలో ఒక సూక్ష్మమైన తెగులు ఉంది. ఇంజను పాయింటు దాటేటప్పుడు ఒక్క క్షణం తుళ్లిపడుతుంది, ఒక్కోసారి కంట్రోలరు ఆగిపోతుంది. రాత్రి లైటు ఆర్పి, మెల్లగా నడుపుతూ క్రాసింగ్ మీదికి వంగి చూడండి. చక్రం ముక్కును దాటే చోట మిణుగురు లాంటి నీలం మెరుపు కనిపిస్తుంది. అక్కడ వేరు వేరు ధ్రువాల పట్టాలు రెండూ బియ్యపు గింజంత దూరంలో ఉంటాయి. వెడల్పు చక్రం రెండింటినీ ఒకేసారి తొక్కుతుంది. మెరుపు కనపడిన చోటే పట్టా పైన, రెండిటికీ ఐదారు మిల్లీమీటర్ల మేర, రంగులేని గోళ్ల రంగు సన్నగా పూయండి. మా ఆవిడ సీసా వాడాను. ఏడాదికోసారి అరిగిపోతుంది, మళ్లీ పూయాలి. సీసా ఎందుకు తగ్గుతోందని ఆవిడ ఇంకా అడగలేదు.

పాయింటును మీటతో తిప్పే కాయిలు మోటార్ల సంగతి. ఇవి క్షణకాలం కొట్టే దెబ్బకు తయారైనవి, ఎక్కువసేపు కరెంటు పారితే కాలిపోతాయి. నేను మొదట కాలింగ్ బెల్లు బటను పెట్టాను. వర్షాకాలంలో బటను అతుక్కుపోయింది, పాయింటు కింద కాయిలు మాడి ప్లాస్టిక్ కరిగింది. ఆ తర్వాత కెపాసిటరుతో దెబ్బ కొట్టే చిన్న బోర్డు చేసుకున్నాను. సామాను కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క దుకాణంలోనే దొరికింది. 24 వోల్టుల డీసీ అడాప్టరు, 100 ఓముల 10 వాట్ల రెసిస్టరు, 4,700 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటరు, ఒక డయోడు. అడాప్టరునుంచి రెసిస్టరు గుండా కెపాసిటరు రెండు మూడు సెకన్లలో నిండుతుంది. బటను నొక్కగానే నిండిందంతా ఒక్కసారిగా కాయిలులోకి దూకుతుంది. బటను అతుక్కుపోయినా రెసిస్టరు దాటి వచ్చేది పావు ఆంపియరు లోపే, కాయిలు గోరువెచ్చన కూడా కాదు. కరెంటు ఆగినప్పుడు కాయిలు కొట్టే తిరుగుదెబ్బ కెపాసిటరుకు తగలకుండా డయోడును దానికి అడ్డంగా, గీత ఉన్న కొన ప్లస్ వైపు ఉండేలా పెట్టాలి.

అయినా పాయింటు సగంలో ఆగిపోతోందంటే తీగ మందం చూడండి. నా దగ్గరున్న కాయిళ్లు నాలుగు ఓముల చుట్టూ ఉన్నాయి. సన్నటి తీగ అటూ ఇటూ కలిపి ఒక ఓము ఉంటే కరెంటు ఐదో వంతు తగ్గుతుంది. లాగే బలం దాదాపు కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బలం మూడో వంతుకు పైగా పోతుంది. ఫోను చార్జరు తీగలు కత్తిరించి వాడినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇంటి వైరింగులో వాడే తీగ వేయండి.

మేడ మీది గదుల్లో ఉండేవాళ్లకు ఇంకో మాట. నికెల్ సిల్వర్ పట్టా గజం పొడవుది, జనవరి తెల్లవారికీ మే మధ్యాహ్నానికీ మధ్య దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. చలికాలంలో పట్టాలు ఒకదానికొకటి ఆనించి బిగిస్తే మే నెలలో ఎక్కడో ఒకచోట పాములా మెలికపడతాయి. ఆ మెలిక ఎప్పుడూ పాయింటు దగ్గరే తేలుతుంది. పట్టా వేసేటప్పుడు ఫిష్‌ప్లేటు దగ్గర పెళ్లికార్డు అట్ట పెట్టి, తర్వాత తీసేయండి. ఎండాకాలంలో వేస్తే ఆ అట్ట కూడా అక్కర్లేదు.

పాత సరుకు కోసం గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ తిరుగుతాను. పది వారాలు ఉత్త చేతులతో వస్తాను, పదకొండో వారం గోనెపట్టా మీద తాళాల గుత్తులకూ పాత ఇస్త్రీపెట్టెకూ మధ్య ఒక ఇంజను కనపడుతుంది. జేబులో కాలిపర్సు, 9 వోల్టుల చదరపు బ్యాటరీ, రెండు చిన్న తీగలు ఉంటాయి. వెల్లకిలా తిప్పి, రెండు వైపుల చక్రాలకు తీగలు ఆనిస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది. ధర మాట్లాడుకున్నాకే బ్యాటరీ తీయండి. నేను ఒకసారి ముందే తీశాను. రెండు వందలన్న ఇంజను చక్రాలు గిర్రున తిరగగానే ఎనిమిది వందలైంది, చుట్టూ నలుగురు పిల్లలు కూడా మూగారు.